బాన కుదురుతో కట్టిన కాలు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆసుపత్రి సామాను మీదికి బీరతీగ పాకించిన నర్సును నేను. ఇదేమీ గొప్పకు చెప్పుకునే సంగతి కాదు. కానీ ఇప్పుడు నర్సింగు చదివే పిల్లలు వచ్చి "అమ్మమ్మా, మీ కాలంలో ఎట్లా ఉండేది?" అని అడిగినప్పుడల్లా ముందు ఇదే నోటికొస్తుంది. ఒక్క తప్పూ చేయని పెద్దవాళ్ల కథలు మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. నాది వింటే మీకు కాస్త ధైర్యం వస్తుంది.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. కడపలో పుట్టి పెరిగి, పురుడు పోయడం, సూది వేయడం, పసిపిల్లల్ని చూసుకోవడం నేర్చుకుని, డోన్ వైపు ఒక చిన్న ఆసుపత్రికి వచ్చాను. అక్కడ ఒక డాక్టరుగారు, నేను, ఒక వంట మనిషి, ఇంకా వార్డు పనులన్నీ చూసే ఒక ఆర్డర్లీ. ఆ ఆర్డర్లీని ఊరంతా మిలిటరీ మామ అని పిలిచేది. నేను మాత్రం పిలిచేదాన్ని కాదు. చదువుకున్నదాన్ని కదా, ఆర్డర్లీని మామా అంటే నా హోదా తగ్గిపోతుందని నా భయం. "ఏమప్పా" అనేదాన్ని.

ఆయనకు నలభై దాటి ఉంటాయి. వెనకటి పెద్ద యుద్ధం నాటి కరువులో తినడానికి జొన్నలు లేక, సొంత ఊరి జతగాడితో కలిసి పట్టాళంలో చేరాడట. తుపాకి పట్టింది లేదు. ఎక్కడో ఎడారి దేశంలో దెబ్బతిన్న వాళ్లను స్ట్రెచర్ మీద మోశాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక ఖాకీ నిక్కరు, ఒక మీసకట్టు, "ఎడారిలో అయితేనా" అనే మాట. ఆ మాట లేకుండా ఆయనకు పూట గడిచేది కాదు.

"ఎడారిలో అయితేనా నర్సమ్మా, గుండు తగిలి పోయినోళ్లకంటే ఈగలతో పోయినోళ్లే శానామంది. రక్త విరేచనాలు పట్టుకుంటే పహిల్వానుగూడ లేవలేడు" అంటూ ఆసుపత్రిలో ఉన్న ప్రతి కుండకూ గుడ్డ కట్టేవాడు. మందు సీసాలకు కూడా కట్టబోతే నేనే ఆపాను.

"ఏమప్పా, నువ్వు పోయింది యుద్ధానికా, ఈగలు తోలేదానికా?" అని ఎగతాళి చేశానొకసారి.

ఆయన నవ్వలేదు. "రెండూ ఒగటే నర్సమ్మా" అన్నాడు.

ఆ సంక్రాంతి దాటాక కూతురి పెళ్లని ఆయన నెల రోజులు సెలవు పెట్టాడు. ఆ నెలలో నాకు శుభ్రత పిచ్చి పట్టింది. సామాన్ల గది తలుపు తెరిచి, ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తంతా బయట వేయించాను. అందులో ఒక వింత వస్తువు దొరికింది. మనిషి కాలంత పొడవు రెండు ఇనుప కడ్డీలు, కింద రెండూ కలిసే చోట చిన్న వంపు, పైన తోలు చుట్టిన గుండ్రటి చట్రం. తోలు సగం ఎలుకలు తినేశాయి. యుద్ధం అయిపోయాక పట్టాళం వాళ్లు వదిలించుకున్న సామాన్లో కొట్టుకొచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం విరిగిన మంచం ముక్క అనుకున్నాను. బావి పక్కన బీరగింజలు పెట్టి ఉన్నాను, తీగకు ఆధారం కావాలి. దాన్ని తీసుకుపోయి వంపు వైపు నేలలో దిగ్గొట్టి, చట్రం పైకి వచ్చేటట్టు నిలబెట్టాను. బీరతీగ ముచ్చటగా కడ్డీ పట్టుకుని పాకి, చట్రంలోంచి దూరి అవతలికి పోయింది. డాక్టరుగారు కూడా చూసి బాగుందన్నారు. ఆయన చూసింది ఆకుల్నే.

మామ సెలవు నుంచి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. లడ్డూల మూట చేత్తో పట్టుకుని, బావి దగ్గర ఆగిపోయి, ఆకులు తప్పించి చూశాడు.

"ఇది ఈడ ఎవురు నాటినారు?"

"నేనే. ఎందుకు?"

"ఇదేమో తెలుసునా నీకు?"

"పాత మంచం ముక్క."

ఆయన మొహం చూసి నా మాట నాకే తప్పుగా వినిపించింది. మూట అరుగు మీద పెట్టి, నా ముందు గొంతుక్కూర్చుని చెప్పాడు. "తొడ ఎముక ఇరిగినోనికి ఇది కట్టాల. చట్రం తొడ మొదట్లోకి ఎక్కించి, పాదం కిందికి లాగి, ఈ వంపు కాడ బిగించాల. అప్పుడు ఎముక కదల్దు. కట్టకుండా బండెక్కిస్తే ఇరిగిన ముక్కలు లోపల్లోపలే కోస్తాయి. మనిషి దావలోనే పోతాడు. నా జతగాడు అట్లే పాయ. లారీలో, నా ఒళ్లోనే. అప్పటికి నాకు ఇది కట్టేది రాదు. ఆమైన కండ్లకు గుడ్డ కట్టుకోని నేర్చుకున్నా."

"ఇప్పుడే పీకేస్తాను" అని లేచాను.

ఆయన తీగను చూశాడు. అప్పుడే పూత పట్టింది, పసుపు పూలు నిండా ఉన్నాయి. "వద్దు. పూత మీదుండేదాన్ని పెరకగూడదు. కాపు అయినాంక తీద్దాం" అని వెళ్లిపోయాడు. లడ్డూలు డాక్టరుగారికి ఇచ్చాడు, వంట మనిషికి ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు కూడా. కుండలకు గుడ్డలు మాత్రం ఇంకా గట్టిగా కట్టాడు.

అట్లా మాటలు లేకుండానే ఉగాది వచ్చింది. పడమటి వైపు ఎనిమిది మైళ్ల దూరంలో ఒక ఊళ్లో ఎద్దుల బండలాగుడు పందెం. చుట్టుపక్కల జనమంతా చేరతారు, కలరా సూదులు వేసి రమ్మని డాక్టరుగారు మా ఇద్దర్నీ పంపించారు. బండిలో ఎనిమిది మైళ్లూ ఆయన ఎద్దులతో మాట్లాడాడు, నేను సూదుల పెట్టెతో మాట్లాడాను.

పందెం సంగతి తెలియని వాళ్లకు ఒక్క మాట చెబుతాను. మంచమంత వెడల్పు, మోకాలెత్తు బండరాయికి గొలుసు కట్టి, జత ఎద్దుల చేత గడువులోపల ఎంత దూరం లాగిస్తే అంత గొప్ప. తోలేవాడు ములుగర్ర పట్టుకుని పక్కనే అరుచుకుంటూ పరుగెత్తాలి. చూసేవాళ్లు వాడికంటే ఎక్కువ అరుస్తారు. జనం సూదికి భయపడి మా వైపు రాకుండా బండ వైపే చూస్తుంటే, మామ నిటారుగా నిలబడి "లైన్! లైన్లో రాండప్పా!" అని ఒక కేక వేశాడు. ఎందుకు వస్తున్నారో తెలియకుండానే ముప్పై మంది వరుసలో నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది గానీ, మాటల్లేవు కదా, మింగేశాను.

మధ్యాహ్నం ఆ ఊరి జత బరిలోకి దిగింది. తోలేవాడు ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల రైతు. వచ్చే నెలలోనే మేనమామ కూతురితో పెళ్లి. ఆ పిల్ల అక్కడే చలిపందిట్లో బాన దగ్గర నిలబడి అందరికీ నీళ్లు పోస్తోంది. ఎవరికి పోస్తున్నా చూపు మాత్రం బరి మీదే ఉంది. సగం మందికి దోసిట్లో కాకుండా మోచేతుల మీద పోసింది.

ఎద్దులు బండను విసురుగా లాగాయి. చివర్లో కుడి ఎద్దు పక్కకు తిరిగింది, బండ మెలి తిరిగి దాని మూల అతని తొడకు కొట్టుకుంది. అరుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నేను పరుగెత్తి చూసేసరికి పాదం బయటికి తిరిగి ఉంది, ఆ కాలు రెండో కాలికంటే పొట్టిగా కనిపిస్తోంది. తోలు పగల్లేదు గానీ తొడ వాస్తూ ఉంది. మనిషి మొహం బూడిద రంగుకు వచ్చింది.

నలుగురు మగవాళ్లు అప్పటికే అతన్ని చేతులూ కాళ్లూ పట్టి ఎత్తబోతున్నారు.

"హాల్ట్!" అని మామ అరిచాడు.

అందరూ ఆగిపోయారు. ఎద్దులు కూడా ఆగాయని నేను ఈనాటికీ ఒట్టేసి చెబుతాను.

పిల్ల తండ్రి, అంటే అతని మేనమామ, ముందుకొచ్చాడు. "ఎవురప్పా నువ్వు? పక్కూర్లో కట్లు గట్టే ఆయప్ప ఉండాడు. ఎత్తకపోతాం, తప్పుకో."

"ఎత్తకపో. దావలో పానం పోతే నన్ను అడగద్దు" అన్నాడు మామ. "ఎముక కదలకుండా కట్టినాంక మీరు యాడికి తీసకపోతారో తీసకపోండి. అంతదంకా ఈ కాలు నాది."

ఆ గొంతులో ఏముందో, మేనమామ వెనక్కి తగ్గాడు. మామ నా వైపు తిరిగాడు. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇదీ. "నర్సమ్మా, ఆ ఇనప కట్టు ఈడ ఉంటే..." అక్కడే ఆపేశాడు. అది ఎనిమిది మైళ్ల అవతల బీరకాయలు మోస్తోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ఇంకేమన్నా తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"రెండు కట్టెలు కావాల" అన్నాడు. ములుగర్రలు చుట్టూరా ఉన్నాయి, పొడుగైనవి రెండు తీసి ములుకులు పీకించాడు. "తాడు." గొలుసు పక్కనే పగ్గం దొరికింది. "ఇంగ చక్రం కావాల. తొడ పట్టేంత. గట్టిగా ఉండాల, మెత్తగా ఉండాల." ఒకడు బండి చక్రం చూపించాడు. ఇంకొకడు జల్లెడ తెచ్చాడు. మామ తల అడ్డంగా ఊపుతూ చుట్టూ చూస్తున్నాడు.

అప్పుడు నా కళ్లు చలిపందిరి మీద పడ్డాయి. ఆ చట్రం నాకు బాగా తెలుసు. నా చేత్తో నేనే నేలలో నాటాను, రోజూ నీళ్లు పోస్తూ చూశాను. దాని కొలత నా చేతుల్లో ఉంది. పెద్ద బాన కింద ఉన్న కుదురు అచ్చం అంతే ఉంది. లోపల ఈత బద్ద, పైన పాత చీరల పీలికలు మందంగా చుట్టిన కుదురు.

"కుదురు!" అని అరుస్తూ పరుగెత్తాను. "ఆ బాన కింద కుదురు ఇయ్యమ్మా!"

పిల్ల నన్ను చూసింది, బరిలో పడి ఉన్న మనిషిని చూసింది. "బాన నిండా నీళ్లుండాయే" అని పక్కనున్న ముసలమ్మ అంటూనే ఉంది, పిల్ల రెండు చేతులతో బానను ఒక్క తోపు తోసింది. ఆ ఎండాకాలంలో, రెండు మైళ్ల నుంచి మోసుకొచ్చిన నీళ్లన్నీ మట్టిలో పారాయి. బాన పగిలింది. ముసలమ్మలు గుండెలు బాదుకున్నారు. పిల్ల కుదురు తీసి నా చేతిలో పెట్టి, "బతుకుతాడా?" అని మాత్రం అడిగింది.

"బతుకుతాడు" అన్నాను. నాకు తెలియదు. అన్నాను అంతే.

మామ కుదురును చూసి, మొదటిసారి నన్ను మనిషిగా చూశాడు. "రా, పాదం పట్టుకో. మడమ కింద ఒగ చెయ్యి, పాదం పైన ఒగ చెయ్యి. నీ పక్కకు లాగు. నేను చెప్పేదంకా వదలకుంటే గెలిచినట్ల. వదిలినావంటే ముక్కలు మళ్లీ కోస్తాయి."

నేను అంతవరకు పట్టుకుని లాగింది పుట్టబోయే బిడ్డల్నే. అందరి ముందు, పరాయి మగవాడి పాదం పట్టుకుని, నేల మీద చతికిలబడి వెనక్కి వాలి లాగాను. అతను వేసిన కేక ఊరి పొలిమేర దాటి ఉంటుంది. మామ కుదురును పాదం నుంచి పైకి ఎక్కిస్తూ, అది నా చేతుల దగ్గరికి వచ్చినప్పుడు "ఒగ చెయ్యి తియ్యి, మళ్లీ పట్టు, ఇంగోటి తియ్యి" అన్నాడు. లాగుడు మాత్రం ఒక్క రెప్పపాటు కూడా ఆగకూడదు. కుదురు మోకాలు దాటి, తొడ మొదట్లో కూర్చుంది. రెండు ములుగర్రల్నీ అటూ ఇటూ పెట్టి కుదురుకు కట్టాడు, పాదం కింద అడ్డుకర్ర కట్టాడు.

అక్కడ మళ్లీ ఆగిపోయాడు. "ఎడారిలో అయితేనా, కాలికి బూటు ఉండేది. బూటుకు తాడు కట్టేవాళ్లం. ఈయప్పకు బూటు లేదే!" ఉత్త మడమకు తాడు కట్టి లాగితే చర్మం తెగిపోతుంది. నా చేతులు తిమ్మిరెక్కి, వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. అప్పుడు మేనమామ, అంతసేపూ ఎడమొహంగా నిలబడ్డవాడు, తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు. మామ దాన్ని మడమకూ పాదానికీ మెలి తిప్పి మందంగా చుట్టి, దాని కొసలు అడ్డుకర్రకు కట్టి, మధ్యలో చిన్న పుల్ల దూర్చి తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పేకొద్దీ గుడ్డ బిగుసుకుంటోంది, కాలు సాగుతోంది.

"నులక మంచం బిగించినట్ల బిగిస్తాండాడు రా!" అన్నాడెవరో. జనమంతా ఊపిరి వదిలారు. మంచం బిగించడం ఆ ఊళ్లో చేతకాని మగవాడు లేడు. వెంటనే పది మంది సలహాలు చెప్పడం మొదలుపెట్టారు.

"వదులు నర్సమ్మా" అన్నాడు మామ. వేళ్లు వెంటనే విచ్చుకోలేదు, ఆయనే ఒక్కొక్కటిగా విప్పాడు.

అతను కళ్లు తెరిచాడు. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. నొప్పి తగ్గిందా అని అడిగాను.

"నా ఎద్దులు ఎంత దూరం లాగినాయి?" అన్నాడు.

కొలిచే పెద్దమనిషి గొంతు సవరించుకుని, "రెండోది వస్తాది నాయనా" అన్నాడు.

"రెండోదా!" అని అతను లేవబోయాడు. ఇద్దరం అదిమి పట్టుకున్నాం. అంత నొప్పిలోనూ ఆ మాటకే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చలిపందిరి దగ్గర పిల్ల అప్పుడు ఏడుస్తూనే నవ్వింది.

మేనమామ పక్కూరి కట్ల మాట ఇక ఎత్తలేదు. నులక మంచాన్నే స్ట్రెచర్ చేసి, బండిలో వరిగడ్డి పరిచి డోన్ స్టేషన్‌కు, అక్కడి నుంచి రైల్లో గార్డు పెట్టెలో కర్నూలుకు తీసుకుపోయాం. దారంతా మామ అతని బొటనవేలు నొక్కి చూస్తూ, "కదిలించప్పా, చూద్దాం" అంటూ వచ్చాడు. అది కదిలినప్పుడల్లా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాటలు మళ్లీ ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలియదు గానీ, రైలు దిగేసరికి నేను ఆయన్ని మామా అంటున్నాను.

కర్నూలు పెద్దాసుపత్రిలో నెరిసిన జుట్టు డాక్టరు ఒకాయన దుప్పటి తీసి చూసి, అట్లాగే నిలబడిపోయారు. ములుగర్రలు, పగ్గం, తలగుడ్డ, బాన కుదురు. ఆయన కట్టు చుట్టూ ఒకసారి తిరిగి, పుల్ల బిగువు వేలితో చూసి, "ఇది ఎవరు కట్టారు?" అని అడిగారు.

మామ మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. "నేను, ఈ నర్సమ్మ, సర్."

ఆ డాక్టరుగారు కూడా యుద్ధంలో పనిచేసిన మనిషేనట. తనూ మడమలు కలిపి తిరిగి సెల్యూట్ కొట్టారు. "మనిషి బతికాడంటే ఈ కట్టు వల్లే. కాలు కూడా నిలుస్తుంది" అన్నారు. వార్డులో ఉన్న కుర్ర డాక్టర్లనందరినీ పిలిచి చూపించారు. ములుగర్రలు వాళ్లకు పాఠం చెప్పడానికని తన దగ్గరే ఉంచేసుకున్నారు.

బయటికి వచ్చాక మామ మెట్ల మీద కూర్చుని, మొహం తుండుగుడ్డతో కప్పుకుని ఏడ్చాడు. "ఆ పొద్దు నాకు ఇది వచ్చి ఉంటే" అన్నాడు. ఒళ్లో పోయిన జతగాడి గురించి అని నాకు అర్థమైంది. పక్కన కూర్చున్నాను. కాసేపటికి లేచి, "పోదాం పా, బీరకాయలు ముదిరిపోతాండాయి" అన్నాడు. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు. మా ఆయన ఇప్పుడు లేడు కాబట్టి చెబుతున్నాను.

కాపు అయ్యాక తీగను ఇద్దరం కలిసి విప్పాం. ఇనుప కట్టుకు తుప్పు గీకి, నూనె రాసి, కొత్త తోలు వేయించి, సామాన్ల గదిలో గోడకు తగిలించాం. దాని కింద గుడ్డ కట్టడానికి కుండేమీ లేదని మామ కాస్త బాధపడ్డాడు.

మూడు నెలలు దాటాక, ఒక ఉదయం ఆ రైతు తన కాళ్ల మీదే నడిచి మా ఆసుపత్రికి వచ్చాడు. ఎడమ వైపు కొంచెం ఒరిగి నడుస్తున్నాడు. వెనక ఆ పిల్ల, మెడలో కొత్త పసుపుతాడు. పండ్లు తెచ్చారు, బెల్లం తెచ్చారు. నేను మంచి మాటలు నాలుగు వింటానని కుర్చీ సర్దుకుని కూర్చున్నాను.

"నా కుదురు యాడ?" అంది పిల్ల. "మా యమ్మ చీరలతో చుట్టింది అది. ఇయ్యి."

దాన్ని మామ కర్నూలు నుంచి తెచ్చి, ఆసుపత్రి నీళ్లకుండ కింద పెట్టుకున్నాడు. గబగబా కుండ దించి ఇచ్చేశాడు.

మరుసటి ఏడాది ఆమె మొదటి కాన్పుకు నేనే పోయాను. ఆడపిల్ల, తెల్లారేసరికి పుట్టింది, ఏ కష్టమూ లేదు. చేతులు కడుక్కోవడానికి బాన దగ్గరికి వెళితే, అది ఒక పక్కకు వాలి ఉంది. కుదురు గుండ్రంగా లేదు. ఒకవైపు నొక్కుకుపోయి, మగవాడి తొడ ఆకారంలో నిలిచిపోయింది.

"ఇంకోటి చుట్టుకోరాదా?" అన్నాను.

ఆమె బిడ్డను రొమ్ముకు అదుముకుని, వాకిట్లో ఒరుగుతూ నడుస్తున్న మొగుణ్ణి చూసింది. "వద్దులే నర్సమ్మా. మా ఇంట్లో రెండూ ఒగ పక్కకే వాలతాయి. నాకు అలవాటైపాయ" అంది.